హుస్సేన్ అంకుల్ వ్యాన్ ఆపేసిన శుక్రవారం

మా చిన్నప్పుడు... అమ్మ నర్సుగా పనిచేసే సౌదీలోని జుబైల్‌లో శుక్రవారం వచ్చిందంటే హాస్పిటల్ వ్యాన్ నర్సులందరినీ బజారుకు తీసుకెళ్లేది. వెనక సీట్లో అమ్మ పక్కన నేను ఇరుక్కుని కూర్చునేదాన్ని. డ్రైవర్ హుస్సేన్ అంకుల్‌ది పాకిస్తాన్. మాతో ఉర్దూలోనే మాట్లాడేవాడు.

అమ్మతో పనిచేసే లామో ఆంటీది లడఖ్. బ్రోక్పా అనే కొండజాతి వాళ్లట. వాళ్ల ఊళ్లో ఆడా మగా అందరూ తలనిండా పూలు పెట్టుకుంటారంటే అమ్మ తెగ ముచ్చటపడేది. "మీరు అలెగ్జాండర్ సైనికుల సంతతట కదా?" అని ఎవరైనా అడిగితే ఆంటీ నవ్వేసేది. "మా పాటల్లో అలా లేదే! సరిహద్దు అవతలి గిల్గిత్ నుంచి ముగ్గురు అన్నదమ్ములు వచ్చారని ఉంది" అనేది.

ఓ శుక్రవారం ఆంటీ వ్యాన్‌లోంచే వాళ్లమ్మకు ఫోన్ చేసింది. మాకు ఒక్క ముక్క అర్థం కాని భాష...

కీచుమని బ్రేకు పడింది! నా చేతిలో మజ్జిగ సీసా ఒళ్లంతా ఒలికింది.

అంకుల్ వెనక్కి తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది. "సిస్టర్... అది మా అమ్మ భాష. మీకెలా వచ్చు?"

అంతే... ఇద్దరూ ఆ భాషలోకి దిగిపోయారు. మేం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. ఆయన ముస్లిం, ఆవిడ బౌద్ధురాలు. ఊళ్ల మధ్య కొండలు, సరిహద్దు. అయినా ఆ ముగ్గురు అన్నదమ్ముల పాట ఇద్దరికీ వచ్చు!

"మా పెద్దమ్మను మీవైపు ఓ ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. తర్వాత సరిహద్దు దారి మూసేశారు. ఉందో లేదో..." అన్నాడు అంకుల్.

వారం తిరక్కుండానే లామో ఆంటీ ఆ పెద్దావిడను వెతికించింది. మళ్లీ శుక్రవారం ఫోన్ కలిపి అంకుల్ చేతికిచ్చింది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన ఆగిపోయాడు.

"ఏమైందే లామో?" అంది అమ్మ, కంగారులో తెలుగులోనే.

"చెల్లెల్ని పిలవమంటోంది... మాట్లాడుతుందట" అని హిందీలో గొణిగింది ఆంటీ.

అంకుల్ వాళ్లమ్మ పోయి అప్పటికి రెండేళ్లు.

ఆయన మెల్లగా ఏదో అన్నాడు. ఆ ముసలావిడ ఏడుపు వెనక సీటు దాకా వినిపించింది. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను...

చాలాసేపటికి అంకుల్ కళ్లు తుడుచుకున్నాడు. "నా మాట అచ్చం అమ్మ మాటలాగే ఉందట. ఏదో ఒకటి చెబుతూనే ఉండమంది" అన్నాడు.

అప్పట్నుంచి శుక్రవారం ముందు ఆయన ఫోన్, తర్వాతే బజారు. ఒక్కరూ విసుక్కోలేదు.

ఇప్పుడు ఎంత దూరాన ఉన్నవాళ్లైనా వీడియోలో కనిపిస్తున్నారు... కానీ లామో ఆంటీ తమ భాషలో పలకరిస్తే మనవరాలు హిందీలోనే బదులిస్తుందట. మొన్న ఫోన్లో చెప్పింది.

పరాయి చోట మీ ఇంటి భాష వినబడి మీరెప్పుడైనా అలా ఉలిక్కిపడ్డారా? ఎక్కడ... ఎవరి నోట?