మేఘన మాటలున్న కంప్యూటర్

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా పక్క బిల్డింగ్ లలిత. 2006, అమెరికాలోని షామ్‌బర్గ్. దసరా వెళ్ళిన ఆదివారం, సాయంత్రం నాలుగు దాటింది. "అక్కా, స్వప్న వాళ్ళ సిస్టమ్ ఆన్ చేసిన పది నిమిషాలకే ఆగిపోతోందట. ఒకటే ఏడుపు. దీపం వచ్చి పెట్టుకుందువుగానీ, ముందు కారెక్కు" అంది.

నేను ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్ళు. చిన్నప్పుడు బడికి వెళ్ళినదాన్ని కాను, నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఈ పని కూడా ఇంట్లోనే, ఎవరో పారేసిన సిస్టమ్‌లు విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నాను. నన్ను నమ్మి తలుపు తీసిన ప్రతి ఇంటికీ, ఆ గుమ్మం చూపించిన దేవుడికీ ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

స్వప్న కూతురు మేఘనకు ఐదేళ్ళు. ఇంట్లో మాట్లాడుతుంది, స్కూల్లో పెదవి విప్పదు. పిల్లకు మాటలే రావని, వేరే క్లాసుకు మార్చాలని టీచర్లు అంటున్నారు. తేల్చే మీటింగ్ సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు. అక్కడ చూపించడానికని స్వప్న పదహారు నెలలుగా పిల్ల మాటలు వీడియో తీసి ఆ కంప్యూటర్లో దాచింది. వారంగా అది అప్పుడప్పుడూ ఆగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు డీవీడీ చేద్దామని కూర్చుంటే అసలు నిలవడం లేదు.

నేను వెళ్ళేసరికి స్వప్న భర్త కిరణ్ చేతిలో విండోస్ సీడీ ఉంది.

"వైరసే అక్కా. ఫార్మాట్ కొట్టేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరి. గంట పని."

ఫార్మాట్ అంటే డిస్క్ మీదున్నదంతా తుడిచిపెట్టడం. "మరి వీడియోలు?" అన్నాను.

"కెమెరా టేపుల్లో ఉంటాయిగా?"

"ఏ టేపుల్లో కిరణ్?" అంది స్వప్న. "ఉన్న రెండిటి మీదే చెరిపి చెరిపి తీశాం. కంప్యూటర్లోకి ఎక్కించాం కదా, ఇంకా ఎందుకన్నది నువ్వే!"

సీడీ అతని చేతిలోంచి తీసుకున్నాను గానీ, వైరసేనని నేనూ అనుకున్నాను. స్కాన్ పెట్టాను. తొమ్మిదో నిమిషంలో తెర నల్లబడింది. మళ్ళీ పెడితే ఏడో నిమిషం. మూడోసారి నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. అలా ఉన్నట్టుండి ఆగిన ప్రతిసారీ డిస్క్ మీద ఏదో ఒక ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంటుంది. డిస్క్ ఊడదీసి నా లాప్‌టాప్‌కు తగిలిద్దామనుకుంటే, ఆ మోడల్ వాటికి ఉండేది కొత్త రకం కనెక్టర్, నా దగ్గరున్నది పాత రకం కేబుల్. ఆరు దాటింది. షాపు మూసేసి ఉంటారు.

"ఇక ఎవరూ ముట్టుకోకండి. ఈ వారంలో దీనికి కొత్తగా ఏమైనా చేశారా?"

"ఏమీ లేదు" అన్నారిద్దరూ.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. కిరణ్ వాళ్ళమ్మ కామేశ్వరమ్మ గారు, తెనాలి నుంచి వచ్చి ఐదు నెలలైంది, పెరుగన్నం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. నేను వచ్చినప్పటినుంచీ అక్కడే ఉన్నారు.

"అమ్మా, మీరేమైనా గమనించారా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, వాడితో అనకు. పండగనాడు అందరూ వెళ్ళాక ఆ పెట్టెకి బొట్టు పెట్టి పూజ చేశాను. ఆయుధపూజ కదా, పిల్ల మాటలన్నీ అందులోనే ఉన్నాయాయె. నాలుగు అక్షింతలు వేశాను. పైన జల్లెడలా ఉంది చూడూ, కొన్ని లోపలికి జారిపోయాయి. బొట్టు తుడిచేశాను గానీ, అవి ఎలా తియ్యను?"

పరుగున వచ్చి కరెంటు తీగ పీకి పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కకూ చట్రానికీ మధ్య పసుపు బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. అడుగున మరో రెండు. ప్రాసెసర్ కంప్యూటర్‌కు మెదడు లాంటిది. పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది, ఫ్యాన్ తిరగకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. నేను పెట్టిన స్కాన్లు దాన్ని ఇంకా కాల్చాయి. రేకు ముందే విప్పి చూడాల్సింది.

"ఇవెక్కడివి?" అన్నాడు కిరణ్.

నేనేదో సర్దిచెప్పబోయాను. ఈలోగా కామేశ్వరమ్మ గారే ముందుకొచ్చారు. "నేనే వేశాన్రా."

"సిస్టమ్‌కి అక్షింతలేంటమ్మా? పెళ్ళి చేశావా దానికి?"

"ఆవిడ పెళ్ళే చేశారు. నువ్వు తద్దినం పెట్టబోయావు" అంది స్వప్న.

గింజలు పట్టకారుతో తీసి, వేలితో ఫ్యాన్ తిప్పి చూసి, ఆన్ చేశాను. ఐదు నిమిషాలు. తొమ్మిది. లోలోపల రామనామం చెప్పుకుంటున్నాను. పన్నెండో నిమిషం దాటాక నా దగ్గరున్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ పెట్టాను. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎంతకీ తెరుచుకోలేదు. అది నా స్కాన్లు తిన్న వీడియో అని స్వప్నతో చెప్పేశాను.

మర్నాడు మీటింగ్‌లో ఏం జరిగిందో స్వప్న ఫోన్‌లో చెప్పింది. కొత్త వీడియోలన్నిట్లోనూ కామేశ్వరమ్మ గారి చెయ్యి ఉందట. ముద్ద పట్టుకుని, "ఏం కావాలో చెప్పు తల్లీ" అంటూ, పిల్ల నోరు తెరిచేదాకా ఆగే చెయ్యి. "నానమ్మా, మోర్ పెరుగు కావాలి!" అని మేఘన గట్టిగా అనేసరికి, ఆ భాష తెలియని టీచర్ కూడా నవ్వేసిందట. పిల్లను క్లాసు మార్చలేదు. మాట సాయానికి ఒక స్పెషలిస్టును పెట్టారు.

పిల్లల వీడియోలు, ఫోటోలు రెండు చోట్ల దాచుకోండని ఆనాటి నుంచీ ప్రతి తల్లికీ చెబుతున్నాను. నేను నేర్చుకున్నది మాత్రం వేరు. ఏ ఇంటికి వెళ్ళినా, స్క్రూడ్రైవర్ తీసే ముందు, ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగని మనిషి దగ్గరకు వెళ్ళి, పక్కకు పిలిచి, మెల్లగా అడుగుతాను. తిడతారన్న భయం లేకపోతే నిజం త్వరగా బయటికి వస్తుంది.

ఈసారి దసరాకు మీ కంప్యూటర్‌కు బొట్టు పెట్టుకోండి, తప్పేమీ లేదు. అక్షింతలు మాత్రం బల్ల మీద వేయండి. వేసేటప్పుడు, కొడుకు ఎదుటికొచ్చి "నేనే వేశాన్రా" అన్న కామేశ్వరమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి.