టేకు తోటలో ఊయల

నేను అటవీ శాఖలో కాపలా చేసే జంగ్లాత్ జవానును. మా లేత టేకు తోటలో పాత మొద్దుల నుంచి మళ్లీ లేచిన మోదుగ, తునికి, ఇప్ప చెట్లను టేకు ఎదుగుదలకు అడ్డమని ఈ రోజు కూలీలతో కొట్టించాను. రేపు రేంజరు చూడటానికి వస్తున్నారు మరి. మధ్యాహ్నానికి ఒక్క ఇప్ప మాత్రమే మిగిలింది. దాని కొమ్మకు కూలీల్లో ఒకరైన లచ్చవ్వ చీరతో ఊయల కట్టి తన బిడ్డను పడుకోబెట్టింది.

"గిదెందుకు ఉంచినవ్?" అని గద్దించాను.

"పొల్ల పండుకున్నది సారూ. లేవంగనే కొడత."

"రేంజర్ సాబ్ వస్తే నీ పొల్లను చూపియ్యాల్నా?"

ఆమె ఊయల విప్పి, పొల్లను చంకనేసుకుని, ఒంటి చేత్తోనే ఆ ఇప్పను నరికేసింది. మోకాలెత్తు టేకు మొక్కల మధ్య ఇక నీడన్నది లేదు.

"ఒక్క టేకాకు తెంపుకోనా సారూ, పొల్ల మొకానికి అడ్డం?" అని అడిగింది.

టేకు మీద చెయ్యి వేయొద్దని పొద్దున అందరినీ బెదిరించింది నేనే. పెద్ద ఆకు చూసి నేనే తెంపి ఇచ్చాను. ఆమె నా మొహం చూడకుండా తీసుకుంది.

వానలు పడితే ఆ ఇప్ప మొద్దు మళ్లీ చిగురిస్తుంది. దాన్ని కొట్టించాల్సింది కూడా నేనే. అయినా అది తొందరగా చిగురిస్తే బాగుండునని ఉంది. జంగ్లాత్ జవాను ఇలా కోరుకోవచ్చా, మీరే చెప్పండి.