అమ్మ ఫోనుకి గొంతు పెంచినప్పుడు

ఒక మనిషి చెవికి ఎంత శబ్దం చాలో ఎక్కడో కూర్చున్న కంపెనీవాడు నిర్ణయిస్తాడన్న సంగతి నాకు అమ్మ ఫోను వల్ల తెలిసింది. తెలిసిన రోజు నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

అమ్మ విజయవాడలో మాతోనే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చల్లపల్లిలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేస్తుంది. ఆ గంటసేపటి మాటలే ఆమెకి ప్రాణం. రెండేళ్లుగా వినికిడి బాగా తగ్గింది. చెవి మిషన్ కొనిపెడితే, ఫోను దగ్గరికి తెచ్చినప్పుడల్లా కూతపెడుతోందని తీసి బీరువాలో పడేసింది. స్పీకర్ పెట్టుకోమంటే పెట్టుకోదు. "అక్కచెల్లెళ్ల మాటలు ఊరంతా వినాలా?" అంటుంది. ఊరంతా అంటే నా భార్య అని ఇంట్లో అందరికీ తెలుసు, నా భార్యతో సహా.

ఫోను సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో టై కట్టుకున్నాయన వాల్యూమ్ బటన్ రెండుసార్లు నొక్కి, "ఫుల్‌లోనే ఉందండీ" అన్నాడు.

"ఎవరికండీ ఫుల్?"

"కంపెనీ సెట్టింగ్ అంతేనండీ. అయినా ఈ మోడల్‌కి అప్‌డేట్లు కూడా ఆపేశారు. కొత్తది చూపించమంటారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. స్క్రీన్ మీద ఒక్క గీత కూడా లేని ఫోను అది!

ఆటోనగర్‌లో నాకు లారీ బాడీలు కట్టే షెడ్డుంది. కంపెనీ నుంచి లారీ ఉత్త ఛాసిస్‌గా వస్తుంది. దాని మీద చేపల ట్రేలకి ఒక రకంగా, ధాన్యం బస్తాలకి ఇంకో రకంగా, ఎవరికి కావలసినట్టు వాళ్లకి కడతాం. హనుమాన్ జంక్షన్ దాటి పోయే లారీల్లో మా చేతి పని చాలానే ఉంది. మా బండి మీద చెయ్యెందుకు వేశావని ఏ కంపెనీవాడూ వచ్చి అడగలేదు. బండి కొన్నవాడిది. ఫోనుకి మాత్రం ఆ న్యాయం వర్తించదట.

కంకిపాడులో సెల్ రిపేరు షాపు నడిపే స్నేహితుడు దారి చెప్పాడు. ముందు ఫోనుకి కంపెనీ వేసిన తాళం తీయించాలి. లోపలి సిస్టమ్ తీసేసి, బయటివాళ్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న 'కస్టమ్ రామ్' అనే వేరే సిస్టమ్ ఎక్కించాలి. ఆ తర్వాత రూట్ చేయాలి. రూట్ అంటే ఫోనులో ఏ మూలకైనా వెళ్లి ఏదైనా మార్చే హక్కు.

తాళం కోసం కంపెనీకి అర్జీ పెట్టుకుంటే వారం ఆగమన్నారు. డబ్బు పోసి కొన్న వస్తువుని తెరవడానికి వారం! సరే, ఆగాను. తాళం తీస్తే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఫోటోలూ నంబర్లూ ముందే వేరేచోట దాచి, కంప్యూటర్‌కి కేబుల్ తగిలించి పని కానిచ్చాను. అప్పట్నుంచీ ఆన్ చేసినప్పుడల్లా 'ఈ ఫోనుని నమ్మలేం' అని ఒక హెచ్చరిక. ఇన్నాళ్లూ అక్కర్లేని ఆటలూ అప్పుల ప్రకటనలూ అమ్మ మొహాన కొట్టినప్పుడు అది నమ్మకమైన ఫోను. అవన్నీ పీకేశాక దొంగ ఫోను అయిపోయింది. బ్యాంకు యాప్ అయితే అసలు తెరుచుకోనే లేదు. తిట్టాను. పైకే తిట్టాను.

కొత్త సిస్టమ్‌లో ఒక ఫైలు ఉంది. అందులో చెవి దగ్గరి స్పీకర్‌కి ఒక అంకె. అంతే, ఒక్క అంకె. ఎనభై నాలుగుని తొంభై రెండు చేస్తే గరగరమంది. తొంభైకి తగ్గించి, పక్కగదిలోంచి నా ఫోనుతో అమ్మకి చేశాను.

"అమ్మా, వినపడుతోందా?"

"అరవకురా, బానే వినపడుతోంది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క అంకె మార్చడానికి ఇన్ని గుమ్మాలు ఎక్కించినవాళ్ల మీద కోపం మాత్రం ఆ సంతోషంలోనూ తగ్గలేదు.

ఐదు నిమిషాలకి అమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. "రికార్డింగులేవిరా?"

"ఏ రికార్డింగులమ్మా?"

పాత సిస్టమ్‌లో ప్రతి ఫోన్ కాలూ దానంతటదే రికార్డయ్యేది. అవి ఎక్కడుంటాయో ఎదురింటావిడ చూపించిందట. పిన్ని మాటలు అందకపోయినా అమ్మ "ఆఁ, ఆఁ" అంటూ గంట గడిపేసి, మేమంతా బయటికెళ్లాక అదే కాల్‌ని స్పీకర్‌లో పెట్టుకుని తీరిగ్గా వినేదట. పిల్లలకి వేసవి సెలవులు కావడంతో నెలరోజులుగా ఇల్లు ఖాళీ కాలేదు. ఆ నెల మాటలు ఆమె ఇంకా విననే లేదు.

"పోయిన వారం అది ఏడ్చిందిరా. డాక్టర్ దగ్గరికెళ్లొచ్చానంది. అంతవరకే అందింది. తర్వాత వింటాలే అని అన్నిటికీ ఆఁ అన్నాను."

అన్నీ చెరిగిపోతాయి, సరేనా అని ఫోను అడిగినప్పుడు అమ్మ బదులు నేను సరే అన్నాను. మా షెడ్డులో లారీ క్యాబిన్ మీద చెయ్యి వేసేముందు డ్రైవర్‌ని పిలుస్తాం. సీటు కింద దాచుకున్నవీ, దేవుడి పటం వెనక పెట్టుకున్నవీ అన్నీ అతని చేతే తీయిస్తాం. అలా చేయని పనివాడిని ఒకసారి చెడామడా తిట్టి పంపేశాను కూడా. అమ్మని మాత్రం ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

"నేను పిన్నికి చేసి కనుక్కుంటాలే" అన్నాను.

"నీకు చెప్పలేదురా అది, నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది. నాకు వినపడట్లేదన్న సంగతే దానికి తెలీదు" అని, గొంతు పెంచింది. "ఫోను నాది. అడక్కుండా చెరపడానికి నువ్వెవడివిరా?"

అమ్మ నన్ను ఆ మాట అనడం అదే మొదటిసారి. కంపెనీని తిట్టిన తిట్లన్నీ నాకూ సరిపోతాయి.

తర్వాత అమ్మ తనే పిన్నికి చేసింది. నేను గది బయటికి నడుస్తుంటే వెనకనుంచి ఆమె మాటలు వినపడ్డాయి.

"ఒసేయ్, నన్ను తిట్టుకోకు. రెండేళ్లుగా నాకు సరిగా వినపడట్లేదే. నువ్వేం చెప్పినా ఆఁ అంటూ వచ్చా. ఇవాళ వినపడుతోంది. డాక్టరేమన్నాడో మళ్లీ చెప్పు."