టేపు తెమ్మని పంపే అక్క

మల్లేశూ, బాగున్నావా? ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. గోదాములో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా ఉన్న మన అక్క పోయింది. పోయిన వారం ఇంట్లో బట్టలు ఆరేస్తూ కూలిపోయిందట, గుండె ఆగిందన్నారు. నీకు ఫోన్ చేద్దామని నంబరు తీసి మళ్లీ పెట్టేశాను. ఫోన్లో ఏదేదో వాగుతానని టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

గోదాములో అందరూ ఆమెకు భయపడేవారు, ఇక్కడ పనిచేసినన్నాళ్లు నువ్వూ అంతే. పని మొదలయ్యే ముందు వరసగా నిలబెట్టి మొహాలు చూసేది. "నిద్ర పోయినవా? అన్నం తిన్నవా?" అని అడిగేది గానీ జవాబు నమ్మేది కాదు. కళ్లు ఎర్రగా ఉన్నవాడిని సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎక్కనివ్వక లేబుళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టేది. మనసు మరీ బాగాలేని వాళ్లను గేటు ఎదురుగా ఉన్న నా ప్యాకింగ్ సామాన్ల కొట్టుకు పంపేది. "సేటు దగ్గర టేపు పట్కరా. జర నిమ్మలంగ రా."

అలా వచ్చినవాళ్లను నేను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాలి. వాళ్లంతట వాళ్లు లేచేదాకా టేపు ఇవ్వకూడదు. "నువ్వు జర నోరు మూస్కుంటే సగం పని అయితది సేటూ" అనేది. నాకదే కష్టం. నువ్వు వచ్చిన రోజు కాలిపోయిన మా బోరు మోటారు గురించి వాగుతూనే ఉన్నాను. నువ్వు నవ్వి, ఆ తర్వాత ఏడ్చావు.

మనసు బాగాలేకపోతే ఫోన్ చేయమని ఆఫీసువాళ్లు గోడకు ఒక నంబరు అంటించారు. పేరు పైకి పోతే డ్యూటీ పోతుందని ఎవరూ చేయలేదు. టేపుకు పోయినవాడినైతే ఎవరూ ఏమీ అనరు కదా.

దాంతో గోదాములో టేపు గుట్టలు పడింది. తనిఖీకి వచ్చిన సారు అడిగాడట, "ఇంత టేపేంది అమ్మా, విమానాన్ని గిట్ల ప్యాక్ చేస్తున్నవా?" అని. "ఎండలకు అంటుకుంటలేదు సార్, డబుల్ ఏపిస్తున్న" అందట మొహం మార్చకుండా.

నిన్ను ఆరాంఘర్‌లో ఉన్న మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందీ ఆమే. "మోకాలు నొస్తే పోతలేమా, గిది గూడ గంతే" అందని నువ్వే చెప్పావు. మనిషి పక్కన ఊరికే కూర్చోవడం కూడా ఒక సాయమేనని నాకు నేర్పింది ఆమె.

కొత్త ఇన్‌ఛార్జ్ చెడ్డవాడేం కాదు. టేపు ఫోన్‌లో ఆర్డర్ పెడతాడు. మొహాలు చూసే తీరిక అతనికి లేదు.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మహేశ్వరం నుంచి వచ్చే యాదగిరి గుర్తున్నాడు కదా? నిన్న ఎవరూ పంపకుండానే వచ్చి కూర్చున్నాడు. చాలా రోజులుగా నిద్ర లేదట. బండి వెనక్కి తీస్తుంటే వెనకాల మనిషి ఉన్నది కనిపించలేదట.

"తగిలిందా?" అన్నాను.

"తగల్లే. ఆయన పక్కకు దునికిండు."

"ఇన్‌ఛార్జ్‌కు చెప్పినవా?"

"చెప్తే బండి గుంజుకుంటరు. అక్క ఉంటే చెప్తుంటి."

ఈసారి నేను నోరు మూసుకోలేదు. డాక్టరు దగ్గరికి పోదామన్నాను.

"పిచ్చోడంటరు సేటూ" అని తల దించుకున్నాడు. మళ్లీ తనే, "మల్లేశన్న గూడ ఆ డాక్టరు దగ్గరికి పోయిండంట కదా? ఆయన ఎంబడొస్తే వస్త" అన్నాడు.

జ్వరమని అతనితోనే ఇన్‌ఛార్జ్‌కు ఫోన్ చేయించి ఇవాళ బండి ఎక్కకుండా ఆపాను. రేపు ఆ మాట చెల్లదు. పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాడు, చాయ్ చల్లారిపోయింది. అవతల గోదాములో బండి వెనక్కి వస్తున్న బీప్ వినిపించినప్పుడల్లా కాళ్లు స్టూలు కిందికి లాక్కుంటున్నాడు. ఎప్పుడొస్తావు మల్లేశూ?