డాబా మీది తీగ

2023 జూలై. విజయవాడలో నాకు చిన్న సోలార్ షాపు ఉంది. ప్యానెళ్ళు అమ్ముతాం, బిగిస్తాం, వేరేవాళ్ళు బిగించి పాడుచేసుకున్నవి బాగుచేస్తాం. ఈ మూడో పనిలోనే నాకు అనుభవం ఎక్కువ.

పామర్రు దగ్గర ఒక ఊళ్ళో సుబ్బారావు గారని చీరలు నేసే ఆయన ఉన్నారు. ఇంటిమీద నాలుగు ప్యానెళ్ళు తన చేత్తోనే బిగించుకోవాలని ఆయన పట్టుదల. అంతకు మూడు నెలల ముందు ఫోన్ చేసి, రెండు కంపెనీల మైక్రోఇన్వర్టర్లలో ఏది మేలో చెప్పమన్నారు. మైక్రోఇన్వర్టర్ అంటే ప్రతి ప్యానెల్ కిందా ఉండే చిన్న పెట్టె. ఎండ నుంచి వచ్చిన కరెంటును డాబా మీదే మన ఇంటి కరెంటుగా మార్చేస్తుంది. ధర, వారంటీ, వాట్లు, ఫోన్‌లో యాప్ ఉందా లేదా, అన్నిటికీ నోటుపుస్తకంలో గడులు గీసుకుని ఒక్కొక్కటే చదివారు. ముప్పావుగంట విన్నాను. సరుకు నా దగ్గర కొనరని అర్థమయ్యాక విసుగొచ్చింది.

"రెండూ మంచివేనండి. ఏది చవగ్గా వస్తే అది తీసుకోండి," అని పెట్టేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

జూలైలో మళ్ళీ ఫోన్. ఒక ప్యానెల్ నుంచి కరెంటు తక్కువ వస్తోందట. "ఆ ఇంకో కంపెనీది కొనాల్సిందేమోనండి. ఒక్కసారొచ్చి చూసి చెప్పండి మేడం," అన్నారు. పామర్రులో వేరే పని పడితే ఆ దారినే వెళ్ళాను. రాత్రంతా వాన పడి తెరిపిచ్చింది. గుమ్మం దగ్గర బూట్లు విప్పాను. మెట్లెక్కబోతుంటే ఆయన భార్య ధనలక్ష్మి గారు తన కాళ్ళకున్న హవాయి చెప్పులు విడిచి నా ముందు పెట్టారు.

"పైన తడిగా ఉందండి, జారుద్ది. ఇవేసుకెళ్ళండి."

పైకెళ్ళి చూస్తే పెట్టెలు లోహపు ఒంటివి. ఆ రెండు కంపెనీలకీ అసలు తేడా అక్కడే ఉంది. ఒకదానిది ప్లాస్టిక్ ఒళ్ళు, ఎర్త్ వైరు అక్కర్లేదు. రెండోదానికి ఎర్త్ వైరు భూమిదాకా దింపి తీరాలి. ఎంత వెతికినా ఎర్త్‌కి వాడే ఆకుపచ్చ వైరు కనపడలేదు.

"ఎర్త్ ఏదండీ?"

"అక్కర్లేదని వీడియోలో చెప్పారండి."

ఆ వీడియో ప్లాస్టిక్ పెట్టె కంపెనీది. ఆయన కొన్నది లోహపు పెట్టె. నేను చవగ్గా వచ్చేది కొనమన్నాను కదా, అదే కొన్నారు.

అప్పుడు చూశాను, ప్యానెళ్ళ స్టాండు నుంచి పిట్టగోడ మేకు దాకా ఒక ఇనప తీగ. దానిమీద అక్కడక్కడా ఎర్రరంగు మరకలు.

"ఇదేంటండీ?"

"మా ఆవిడ రంగేసిన నూలు చిలపలు ఆరేసుద్దండి. స్టాండు గట్టిగా ఉందిగా అని కట్టాను."

స్టాండుకు టెస్టర్ ఆనించాను. బల్బు వెలిగింది. తీగకు ఆనించాను. అక్కడా వెలిగింది.

సరిగ్గా అప్పుడే ధనలక్ష్మి గారు బేసిన్ నిండా తడి చిలపలతో, అంటే నూలు కట్టలతో, మెట్లెక్కి వచ్చారు. తడి డాబా, తడి చేతులు. తిన్నగా తీగ దగ్గరికే నడుస్తున్నారు.

"అమ్మా, ఆగండి. తీగ ముట్టుకోకండి." అన్నాను.

"ఒక్క నిమిషమండి, నీళ్ళు కారిపోతన్నాయి," అంటూ ఆవిడ ఒక చిలప తీసి చెయ్యెత్తారు.

రెండంగల్లో వెళ్ళి బేసిన్ అంచు పట్టుకుని వెనక్కి లాగాను. ఆవిడ తూలారు, బేసిన్ కిందపడింది, చిలపలన్నీ నా కాళ్ళ మీద. "కిందికెళ్ళి మెయిన్ ఆఫ్ చెయ్యండి," అని ఆయన మీద అరిచాను. ఇంటి కరెంటు ఆగితే ఈ పెట్టెలూ వాటంతటవే ఆగిపోతాయి. టెస్టర్ బల్బు ఆరిపోయేదాకా ఆవిడ మణికట్టు వదల్లేదు.

వెతికితే కారణం దొరికింది. తక్కువ వస్తోందన్న ప్యానెల్ దగ్గరే క్లాంప్ కింద కేబుల్ నలిగి, రాగి బయటపడి స్టాండును తాకుతోంది. ఎర్త్ ఉంటే అది నలిగిన రోజే బ్రేకర్ పడిపోయి తెలిసేది.

ధనలక్ష్మి గారు చిలపలు ఏరుకుంటూ అన్నారు: "పది రోజుల్నుంచి ఆ తీగ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటందండి. ఈయనకి చెప్తే నీరసం అన్నారు."

అప్పటికి పైకొచ్చిన సుబ్బారావు గారు తనూ వంగి చిలపలు ఏరడం మొదలెట్టారు.

"పది రోజులా? తడి చేతుల్తోనా?" అన్నాను.

"ఎప్పుడూ చెప్పులేసుకునే ఎక్కుతానండి. ఇయ్యాల మీకిచ్చాను గదా."

నా కాళ్ళకేసి చూసుకున్నాను. అరిగిపోయిన నీలం పట్టీల రబ్బరు చెప్పులు. పది రోజులూ ఆవిడని కాపాడినవి అవే. మైక్రోఇన్వర్టర్ల గురించి అంత తెలిసిన నేను అవి వేసుకుని నిలబడ్డాను, ఏమీ తెలియని ఆవిడ వట్టికాళ్ళతో తీగ దాకా వచ్చారు. నాకు అసలు భయం అప్పుడు పుట్టింది.

విజయవాడ తిరిగి వెళ్ళకుండా పామర్రు నుంచే సామాను తెప్పించి కేబుల్ మార్చాను, ఎర్త్ దింపాను, తీగ విప్పించి వెదురు గడ కట్టించాను. ఇప్పుడు ఏ కంపెనీ మంచిదని ఎవరడిగినా, మీ డాబా మీదికి రోజూ ఎవరెక్కుతారని ముందు అడుగుతాను. అడిగినదానికి జవాబు చెప్పదేమిటని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ సాయంత్రం బయల్దేరుతూ చెప్పులు విప్పి ఆవిడ ముందు పెట్టాను. "ఇంక వట్టికాళ్ళతో ఎక్కొచ్చాండి?" అని అడిగారు.

ఎక్కొచ్చు అనబోయి ఆగాను. బూట్లు పక్కనపెట్టి, వట్టికాళ్ళతోనే మళ్ళీ పైకెళ్ళి, ప్రతి కడ్డీకీ టెస్టర్ ఆనించి చూసి, దిగి వచ్చి అప్పుడు చెప్పాను.