డ్రై సూటులో నీళ్లు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. విశాఖ రేవులో పద్నాలుగేళ్లు డైవరుగా ఓడల అడుగున పనిచేశాను. మునిగిపోయినవాళ్ల శవాలను పైకి తెచ్చాను. ఒక్కటీ నన్ను భయపెట్టలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నదీ మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. కోపం చల్లారక రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో, ఒక చలికాలం. కొండల మీద ఒక జలాశయంలో మా కంపెనీకి పని దొరికింది. నీటి అడుగున ఇరుక్కుపోయిన గేటును విడిపించాలి. రేవులో మేం వేసుకునే సూట్లలోకి నీళ్లు వస్తాయి. ఒంటి వేడికి అవే వెచ్చబడతాయి. సముద్రంలో అది చాలు. డిసెంబరులో కొండ నీళ్లలో అలా దిగితే కాసేపటికే వేళ్లు కొంకర్లు పోతాయి. అక్కడికి డ్రై సూటు కావాలి. లోపల ఉన్ని బట్టలు, పైన రబ్బరు సూటు. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు పట్టీలు చర్మానికి అతుక్కుని ఉండాలి. పట్టీ వదులైతే సూటు నిండా నీళ్లే.

మేనేజరు రెండు సూట్లు తెప్పించాడు. ఒకదానికి మెడ పట్టీ పగిలి ఉంది. రెండోది కొత్తదే, కానీ భారీ మనిషిది. దిగాల్సింది జోసెఫ్. వాడూ నేనూ పదేళ్లుగా జంట. ఒకడు దిగితే ఇంకొకడు పైన తాడు పట్టుకునేవాడు. వాడివి సన్నటి చేతులు. సూటు తొడిగాక మణికట్టు పట్టీలో నా చిటికెన వేలు సులువుగా దూరింది.

"ఇది పనికిరాదు సార్, చిన్నది తెప్పించండి" అన్నాను.

"సైకిల్ ట్యూబు ముక్క కట్టుకోమను" అన్నాడు మేనేజరు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

సూటును రేవులోని మా స్టోరు గదిలో కొక్కేనికి తగిలించి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే సూటు బరువుగా వేలాడుతోంది. దించి తిరగేస్తే బకెట్టెడు నీళ్లు పడ్డాయి.

"ఏటి బావా ఇది? ఎవుడు పోసాడు?" అన్నాడు జోసెఫ్.

నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పు లేదు. పళ్లు జివ్వుమన్నాయి. అంత చల్లటి నీళ్లు విశాఖలో ఏ కుళాయిలోనూ రావు. సూటు పాదంలో ఎర్రటి బురద, ఒక ఆకు ఉన్నాయి. ఆకు పైన పచ్చగా, వెనక వెండిలా తెల్లగా ఉంది. రేవు చుట్టుపక్కల అలాంటి చెట్టును నేనెరగను. గది కప్పు పొడిగా ఉంది, నేలా పొడిగా ఉంది. సూటులో గాలి నింపి సబ్బునీళ్లు రాశాం. ఎక్కడా బుడగ రాలేదు. ఆరబెట్టి మళ్లీ తాళం వేశాం. మర్నాడూ అంతే.

మేనేజరును పిలిచి చూపించాను. నవ్వాడు. "పని ఎగ్గొట్టడానికి తాగి వేషాలేస్తున్నావా?" అన్నాడు. నేను జన్మలో మందు ముట్టలేదు.

దిగొద్దని జోసెఫ్‌కు చెప్పాను.

"నాను దిగనంటే రేపట్నుంచి రావద్దంటాడు బావా. గట్టిగా కట్టుకుంతాన్లే. తాడు నీ సేతిలోనే ఉంటాది కదా" అన్నాడు.

జీపు దిగి జలాశయం చూసేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. గట్టంతా ఎర్రమట్టి. దాని పొడవునా ఆ వెండి ఆకుల చెట్లే. సిల్వర్ ఓక్ అంటారని అక్కడి కాపలాదారు చెప్పాడు. మేనేజరును పక్కకు పిలిచి మళ్లీ బతిమాలాను. "ఇంజనీర్లు చూస్తున్నారు, నోర్మూసుకో" అన్నాడు.

జోసెఫ్ దిగిన పావుగంటకు తాడు నాలుగుసార్లు గుంజాడు. పైకి లాగమని గుర్తు. ముగ్గురం కలిసి లాగాం. సూటు నిండా నీళ్లు. ఎడమచేతి ట్యూబు ముక్క జారిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఘాట్ రోడ్డు దిగుతుండగా నా ఒళ్లోనే అదీ ఆగిపోయింది.

సమాధుల తోటలో మేనేజరు అందరికీ చెబుతున్నాడు: "ఆ సూటులోనే ఏదో ఉందండీ. ముందే నీళ్లొచ్చాయట. మన చేతుల్లో ఏముంది?"

నేను చెప్పినప్పుడు నవ్విన నోరే అది. పక్కనే ఉన్న జోసెఫ్ భార్య మార్తమ్మ నా వైపు తిరిగింది.

"నీకు ముందే తెల్సా అన్నియ్యా?"

తలూపాను. ఆ తరవాత ఆమె నాతో మాట్లాడలేదు.

వారం తిరక్కుండా మేనేజరు అదే సూటును ఇంకో డైవరుకు ఆనించి కొలుస్తున్నాడు. నేను కత్తి తీసి, ఖాళీగా ముడతలు పడి ఉన్న ఆ సూటును మెడ నుంచి పాదం దాకా చీల్చేశాను. అందరూ చూస్తుండగా దాంట్లోంచి చల్లటి నీళ్లు భళ్లున మేనేజరు బూట్ల మీద పడ్డాయి.

వాడు ఎగిరి వెనక్కు దూకాడు. తేరుకుని అన్నాడు కదా, "చూశారా, నేను చెప్పలేదూ?"

నా ఉద్యోగం ఆ రోజే పోయింది. ఆ నీళ్లు ఎక్కడివో నాకు ఈ రోజుకీ తెలీదు. దెయ్యమని మాత్రం ఒప్పుకోను. ఒప్పుకుంటే ఆ మేనేజరు తప్పు లేకుండా పోతుంది.