తువ్వాలు కింద మూడు వేళ్ళు

మొన్న చిక్కబళ్ళాపురంలో, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, ఫోనులో ఒక ఫ్రెంచి హాస్యచిత్రం చూశాను. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా కథ తెలిసిపోయింది: ఎందుకూ పనికిరారని లోకం పక్కన పెట్టిన కొందరు ఒకచోట చేరి, తమకు అన్యాయం చేసిన పెద్దమనిషి మీద చిత్రవిచిత్రమైన ఎత్తులతో కసి తీర్చుకుంటారు. పడి పడి నవ్వి, పక్కకు తిరిగి చెప్పబోయి, చెప్పడానికి ఎవరూ లేరని ఆగాను. ఒకప్పుడు మేమూ అలాంటి ముగ్గురమే.

అప్పట్లో చింతామణిలో ఒక శెనక్కాయల మండీలో నేను గుమాస్తాను. ఒక చెవి వినపడని మా మేనమామ తూకం వేసేవాడు. మొగుడు వదిలేసిన మా చిన్నత్త కాయలు చెరిగేది. అంగళ్ళవాళ్ళ ఇంట పుట్టి, కొత్తిమీర కట్ట దగ్గర కూడా గీచి గీచి బేరమాడే నేను, ఆ ఇద్దరితో మాత్రం ఏనాడూ బేరమాడలేదు. ముగ్గురం ఒకే క్యారియరు విప్పుకుని తినేవాళ్ళం. మండీ యజమాని సాహుకారు తానే చెప్పి తక్కువ తూయించి, రైతులు గొడవ చేసేసరికి తప్పంతా మా మీదికి నెట్టి, అందరి ముందూ దొంగలని గెంటేశాడు.

ఆ మండీలో ధర నోటితో చెప్పే వాడుక లేదు. సాహుకారు చేతిమీద తువ్వాలు కప్పుకుంటే, రైతు దాని కింద చెయ్యి పెట్టి, ధరకు తగినన్ని వేళ్ళు పట్టి బేరమాడాలి. ఆ తువ్వాలుకే దురద పుట్టించే దూలగొండి నూగు రాయాలని చిన్నత్త ఎత్తు వేసింది. "వాడు అందరి ముందరా గోక్కుంటా ఎగరల్ల, నేను కండ్లారా చూడల్ల" అనింది. మరునాడు పొద్దున మామ వాకిట్లో నిలబడి, రెండో చెవి కూడా పోయినట్టు నటిస్తూ సాహుకారు గొంతు చించుకునేలా చేస్తుంటే, చిన్నత్త మరిచిపోయిన చాట కోసమని లోపలికెళ్ళి పని ముగించుకొచ్చింది. రైతులెవరూ ముందుగా చెయ్యి పెట్టకుండా ఆపడం నా వంతు.

ఇంతలో సాహుకారు తువ్వాలు కప్పుకుని, నన్ను చూసి, "ఏమిరా, మళ్ళా పనికొస్తావా? పెట్టు చెయ్యి" అన్నాడు. కప్పిన తువ్వాలు కనబడితే మా వంశంలో చేతులు ఆగవు, పెట్టేశాను. ముగ్గురినీ తీసుకోమని మూడు వేళ్ళు పట్టాను. అతను ఒకటి పట్టాడు. నేను రెండుకు దిగాను. అతను ఒకటే పట్టాడు. మంట మోచేతిదాకా పాకుతోంది, చెయ్యి లాక్కుంటే బేరం పోతుంది. ఆ ఒక్కదానికే ఒప్పుకున్నాను.

తర్వాత ఇద్దరమూ ఎగిరెగిరి గోక్కున్నాం. మండీ అంతా నవ్వింది. వాకిట్లో ఉన్న మావాళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే మామ బేరం ఏమైందని అడిగాడు. చెప్పాను.

"ఒగనికేనా?" అని చిన్నత్త నన్ను ఎగాదిగా చూసింది. "బాగా ఆడినావప్పా బేరం. పో, కుర్చీ నీకోసరం కాసుకోనుండాది."

నేనూ గోక్కున్నాను కాబట్టి అనుమానం నా మీదికి రాలేదు, ఉద్యోగం నిలిచింది. వాళ్ళు బాగేపల్లి వెళ్ళి చిన్న అంగడి పెట్టుకున్నారు. ఎన్నోసార్లు ఆ బస్సెక్కి, ఏ ముఖంతో వెళ్ళాలని దిగిపోయాను. మామ పోయాక ఒకసారి వెళ్తే, చిన్నత్త దారినపోయే గిరాకీకి ఇచ్చినట్టు మంచినీళ్ళిచ్చింది. ఇప్పుడు ఆమె కూడా లేదు.

నేడు మండీలో ధరలు బోర్డు మీద వెలుగుతున్నాయి. మోసానికి చోటు తగ్గింది, మంచిదే, కాని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే పనే లేకుండా పోయింది. బేరంలో ఎవరు ఎక్కువసేపు ఓర్చుకుంటే వాళ్ళదే గెలుపని పదిమందికి నేర్పినవాణ్ణి నేను. ఆ రోజు తువ్వాలు కింద సాహుకారు చెయ్యి కూడా మండుతూనే ఉండింది. ఇంకొక్క నిమిషం ఓర్చుకుని ఉంటే, అతను మూడుకీ ఒప్పుకునేవాడు.